పాత తాళంకప్ప మీది గుర్తులన్నీ తయారీదారువి కావు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వాట్సాప్ బృందాలలో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. పాత ఇంట్లో బరువైన తాళంకప్ప గానీ ఇనప్పెట్టె గానీ ఉంటే అది కోనసముద్రం ఉక్కుతో కాకతీయుల కాలంలో చేసినది కావచ్చునని, దాని మీద నాలుగంకెల సంఖ్య ఉంటే అదే తయారైన సంవత్సరమని, ‘ఎన్.జి.ఎస్.ఆర్.’ అని ఉంటే నిజాం కార్ఖానా సరుకని, కిరీటం ఉంటే రాజవంశపు సొత్తని, ‘చబ్’ అని ఉంటే సందేహం లేకుండా అసలు ఇంగ్లండుదని, ఏ పేరూ లేకపోతే అన్నిటికన్నా పాతదని ఆ సందేశం చెబుతుంది. తాళం మీద అక్షరం కొట్టించేవాడు తయారీదారు ఒక్కడే కాదు. అమ్మిన వర్తకుడు కొట్టిస్తాడు, కొన్న సంస్థ కొట్టిస్తుంది, ఒక్కోసారి చట్టం కొట్టిస్తుంది. ఏ గుర్తు ఎవరిదో తేల్చకుండా తయారీదారు పేరు చెప్పబూనడమే ఈ సందేశంలోని మూలదోషం.

కోనసముద్రం సంగతి ముందు చూద్దాం. నిజామాబాదు జిల్లాలోని ఆ ఊరి ఉక్కు ఖ్యాతి కల్పితం కాదు. అక్కడ మట్టి మూసలలో కరిగించి తీసిన ఉక్కు ముద్దలను కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారు, ఆ లోహం మేలైన కత్తులకు పనికివచ్చేది. అయితే ఒక్కో మూస నుంచి వచ్చేది చేతిలో పట్టేంత చిన్న ముద్ద మాత్రమే. దానిని సాగగొట్టి కత్తి చేయవచ్చు గానీ, నిలువెత్తు ఇనప్పెట్టెకు కావలసిన వెడల్పాటి, ఒకే మందం గల పలకలను తీయలేరు. అలాంటి పలకలకు యంత్రపు రోలర్లు కావాలి. ఉక్కు చవకగా, పెద్ద ఎత్తున దొరకడం 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చిన తర్వాతి మాట. ఇక తాళం లోపలి అమరికను చూస్తే వాదానికి చోటే మిగలదు. తాళంచెవి తిరిగినప్పుడు లోపలి పల్చని లోహపు పలకలు, అంటే లీవర్లు, సరిగ్గా కావలసినంత ఎత్తుకే, ఎక్కువా తక్కువా కాకుండా, లేస్తేనే గడియ కదిలే ఏర్పాటుకు రాబర్ట్ బారన్ ఇంగ్లండులో పేటెంటు పొందింది 1778లో. ఓరుగల్లు ప్రతాపరుద్రుని చేజారింది 1323లో. లోపల అలాంటి లీవర్లు ఉన్న కప్పను కాకతీయులకు అంటగట్టేవారు ముందు ఈ నాలుగున్నర శతాబ్దాల అంతరానికి జవాబు చెప్పాలి. మన పాత తాళాలు లేవని దీని అర్థం కాదు. మర ఉన్న చెవిని తిప్పితే కొక్కెం ఊడివచ్చే దేశీ తాళాలు వేరే కుదురువి, వాటిలో లీవర్లు ఉండవు.

సంఖ్యను సంవత్సరంగా చదవడం అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసే పొరపాటు. ఇనప్పెట్టె తలుపు మీదో తాళం మీదో ఉండే సంఖ్య చాలావరకు ఆ సంస్థ తన దస్త్రాల కోసం వేసుకున్న వరుస సంఖ్య. కొన్ని బ్రిటిష్ సరుకుల మీద ‘ఆర్.డి. నంబర్’ అన్న పొడి అక్షరాల తర్వాత ఒక సంఖ్య ఉంటుంది. అది ఆ వస్తువు ఆకృతిని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకున్న సంఖ్య. 1842 నుంచి 1883 దాకా ఇదే పనికి వజ్రాకారపు ముద్ర వాడేవారు, 1884లో ముద్ర పోయి ఒకటి నుంచి వరుస అంకెలు మొదలయ్యాయి, 1885 ఆరంభానికి ఆ వరుస 19,754కు చేరింది. అంటే ఆ అక్షరాల తర్వాత 1724 అని ఉన్నా, 1857 అని ఉన్నా రెండూ 1884లో నమోదైన ఆకృతులే తప్ప ఒకటి ఆసఫ్‌జాహీల ఆరంభానికి, మరొకటి సిపాయిల తిరుగుబాటుకు చెందినవి కావు. పైగా అది ఆకృతి నమోదైన ఏడాది. అదే ఆకృతితో ఆ తర్వాత ఏళ్ల తరబడి తాళాలు చేసి ఉండవచ్చు. అమెరికా తాళాల మీద కనిపించే పేటెంటు తేదీలకూ ఇదే వర్తిస్తుంది. తాళం అంతకన్నా పాతది కాదనడానికే అవి పనికివస్తాయి.

‘ఎన్.జి.ఎస్.ఆర్.’ అంటే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. అది 1880వ దశకంలో ఏర్పడిన కంపెనీ. వాటాదారుల రాబడికి నిజాం ప్రభుత్వం పూచీ పడింది కనుక ఆ పేరు వచ్చింది. 1930లో ప్రభుత్వమే దానిని స్వాధీనం చేసుకున్న తర్వాత పేరులోంచి ‘గ్యారంటీడ్’ పోయింది. కాజీపేట మీదుగా రైళ్లు నడిపిన ఆ సంస్థ గుర్తు మన ప్రాంతపు పాత తాళాల మీద కనిపించడంలో వింతేమీ లేదు. ఆ అక్షరాలు యజమానివి, కనుక వాటిని బట్టి తాళం ఏ కాలంలో వాడుకలో ఉందో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. చేసినవారి పేరు కోసం తాళంచెవి రంధ్రపు మూత మీద, అంచుల మీద, కొక్కెం మొదట్లో, వెనకవైపు చిన్న అక్షరాలను వేరేగా వెతకాలి.

కిరీటం సంగతి పొడిగానే చెప్పవచ్చు. కిరీటం, సింహం వ్యాపార చిహ్నాలుగా ఎందరో వాడుకున్నవి. ‘వి.ఆర్.’ విక్టోరియా రాణి కాలాన్ని, ‘జి.ఆర్.’ జార్జి చక్రవర్తుల కాలాన్ని సూచిస్తాయి, బాణం గుర్తు బ్రిటిష్ ప్రభుత్వపు ఆస్తి అని చెబుతుంది. దేశం పేరు కూడా గొప్ప కోసం కొట్టించింది కాకపోవచ్చు. సరుకు ఎక్కడిదో కొనుగోలుదారు పొరబడకుండా చూసేందుకు 1887లో బ్రిటన్‌లోనూ 1889లో ఇండియాలోనూ వాణిజ్య చిహ్నాల చట్టాలు వచ్చాయి.

‘చబ్’ పేరు విషయంలో కాస్త ఓపిక కావాలి. దొంగచెవితో ఎవరైనా ప్రయత్నిస్తే పట్టి చూపే తాళానికి జెరెమయా చబ్ 1818లో పేటెంటు పొందాడు. ఆ పేరుకు వచ్చిన పరపతే అనుకరణలకూ దారితీసింది. పేరు నిజమైనదే అయినా, ఇనప్పెట్టె రంధ్రపు మూత మీద ఉన్నది తాళం చేసినవారి పేరు, పెట్టె చేసినవారు వేరే కావచ్చు. తలుపు మీది ఇత్తడి పలక మీద ఉన్నది అమ్మిన ఏజెంటు పేరు కావచ్చు. అందుకే తలుపు తెరిచి లోపలి వైపు కూడా చూడాలి. సంస్థ పూర్తి పేరు కాలాన్ని పట్టిస్తుంది: ‘లాక్ అండ్ సేఫ్ కంపెనీ లిమిటెడ్’ అన్న తోకతో చబ్ పేరు ఉంటే అది 1882కు ముందుది కాదు. అదే విధంగా గోద్రెజ్ పేరున్న పెట్టెను తాతముత్తాతల నిజాం కాలపు కథలతో ఎంత వెనక్కి నెట్టినా 1902ను దాటదు. అర్దేషిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాల పని మొదలుపెట్టిందే 1897లో, ఇనప్పెట్టెల పని 1902లో. ‘ఆరు లీవర్లు’ అన్న ముద్రను నమ్మే ముందు అసలు తాళంచెవి పళ్లను లెక్కించాలి. మామూలుగా ఒక్కో లీవరుకు ఒక మెట్టు, గడియను నెట్టడానికి ఇంకొకటి ఉంటాయి. పక్కపక్క లీవర్లు ఒకే ఎత్తువైతే మెట్లు కలిసిపోతాయి గనుక తక్కువ కనిపించినంత మాత్రాన మోసమని తేల్చకూడదు, రెండే కనిపిస్తే మాత్రం అనుమానించాలి.

చివరిది, పేరు లేకపోతే అన్నిటికన్నా పాతదన్న మాట. ఇంగ్లండు తాళాల పట్టణమైన విలెన్‌హాల్‌లోని చిన్న చిన్న పనిశాలలు టోకు వర్తకుల కోసం పేరు లేకుండా తాళాలు చేసేవి, వర్తకుడు ఇష్టమైతే తన పేరు కొట్టించుకునేవాడు. అలీగఢ్, దిండిగల్ పనివాళ్ల తాళాలలోనూ పేరు లేనివి ఎన్నో ఉన్నాయి. పేరు కనబడలేదని చింతపండు, ఇసుక వేసి తోమడం అన్నిటికన్నా చేటు, ఎందుకంటే అరిగిన ముద్రలో మిగిలిన గీతలు కూడా ఆ తోముడుతో పోతాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, దీపాన్ని ఏటవాలుగా పట్టి చూసి, పల్చని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే కంటికి ఆనని అక్షరాలు చాలాసార్లు తేలతాయి. అప్పటికీ ఏమీ తేలకపోతే లోహం, రివిట్ల తీరు, చెవి కోత చూసి ఏ ప్రాంతపు పని అన్నంత వరకే చెప్పి, తయారీదారు పేరు రాసే గడిని ఖాళీగా వదిలేయాలి.