బేరింగుకి ఓ బేరింగ్ ఉత్తరం

మహారాజశ్రీ కాన్‌రాడ్ షెల్ బేరింగు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టేవాణ్ణే. కానీ మీ కుశలం తెలియకే కదా ఈ ఉత్తరం. స్టాంపు అంటించలేదు, బేరింగ్‌లోనే వేస్తున్నాను. పూర్వం అలాంటి ఉత్తరం వస్తే అందుకున్నవాడు రెట్టింపు కట్టి విడిపించుకునేవాడు. ఈ పాత కారు కొన్నప్పటి నుంచి మీ పేరు మీద వచ్చిన ప్రతి కబురుకీ డబ్బు కట్టింది నేనే. ఈ ఒక్కటీ మీరు కట్టుకోండి.

నాది 2004 నాటి బీఎండబ్ల్యూ ఎం3. ఆరు సిలిండర్లు, 3,246 సీసీ, 8,000 ఆర్‌పీఎం దాకా అరవగలదు. ఈ డాలస్‌లో అది అలా అరిచింది మొత్తం మీద నాలుగుసార్లు, అదీ మా ఆవిడ పక్కన లేనప్పుడు. మిగతా కాలమంతా మన సరుకుల కొట్టుకీ ఇంటికీ మధ్య గోంగూర కట్టలు మోస్తుంటుంది. అయినా అర్ధరాత్రి దాటినా నిద్రపోకుండా మీ గురించే చదువుతున్నానంటే మీ మహిమ సామాన్యమా!

చూడ్డానికి విరిగిన వెండి కడియం ముక్కలా ఉంటారు. పిస్టన్‌ని క్రాంకు అనే తిరిగే ఇరుసుకి కలిపే కడ్డీయే కాన్‌రాడ్; ఒక్కో కాన్‌రాడ్‌కి ఇద్దరు చొప్పున పన్నెండుగురు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ మీరు క్రాంకుని తాకకూడదు, మధ్యలో నూనె పొర ఉండాలి. మడి కట్టుకున్న మా నాయనమ్మ కూడా ఇంత పట్టింపుగా ఉండేది కాదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఆ ఒక్క క్షణం నూనె ఇంకా అందక మడి కాస్తా చెడుతుంది, మీ అరుగుదల మొదలవుతుంది. క్రాంకు మీద మీరు చుట్టుకునే గుండ్రటి భాగాన్ని జర్నల్ అంటారు; దాని అడ్డుకొలత అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు ఖాళీ వదలాలన్నది పాత మెకానిక్కుల లెక్క. అంటే రెండంగుళాల జర్నల్‌కి 50 మైక్రాన్లు. వెంట్రుక కంటే సన్నం. అందులో పరిగెత్తాల్సింది 10డబ్ల్యూ60 నూనె, చలికాలం పొద్దున అది ఆముదమే.

సరే, మిమ్మల్ని మారుద్దామని కూర్చుంటే మీలో ఎన్ని శాఖలండీ! అమెరికావాడు ఐజాక్ బాబిట్ 1839లో తగరం, ఆంటిమొనీ, రాగి కలిపి మెత్తటి తెల్ల లోహం చేసిన నాటి నుంచీ మీ వంశవృక్షం పెరుగుతూనే ఉంది. ఒకరు త్రిలోహం వారు: ఉక్కు వీపు, దాని మీద రాగి-సీసం, పైన పల్చటి మెత్తని పూత. నూనెలో నలుసు పడితే ఆ మెత్తదనంలోకి గుచ్చేసుకుని క్రాంకుని కాపాడతారు. ఇంకొకరు ద్విలోహం వారు, అల్యూమినియం వంశం, కాస్త గట్టి పిండం. పాత కార్ల చెత్త గురించి ఐరోపా 2000లో చట్టం చేశాక సీసానికి మీ ఇంట్లో క్రమంగా చోటు పోయింది. దాంతో 'సీసం ఉన్న పాతవే మేలు' అనే సనాతనులూ, 'పైన నల్లటి కోటింగ్ ఉంటే చాలు' అనే ఆధునికులూ తయారయ్యారు. ఇద్దరి వాదనా విన్నాను. ఇద్దరూ నిజమే చెబుతున్నారనిపించింది. ఇద్దరి సరుకూ కొన్నాను.

2001 నుంచి 2003 దాకా వచ్చిన ఎం3లకు కంపెనీయే పిలిచి మిమ్మల్ని మార్చింది. నాది 2004. మొదటి బంతి లేచాక విస్తరి వేసుకు కూర్చున్న చుట్టంలా మిగిలాను.

వాడిన నూనె సీసాలో పట్టి ల్యాబ్‌కి కూడా పంపాను. సీసం పెరిగితే మీ పై పూత పోతున్నట్టు, రాగి పెరిగితే లోపలి పొర బయటపడ్డట్టు. నా సొంత కొలెస్ట్రాల్ రిపోర్టు ఏ డ్రాయర్లో ఉందో గుర్తులేదు గానీ, కారు రిపోర్టులు మూడు ఫ్రేము కట్టించే స్థితిలో దాచుకున్నాను.

చివరికి టెన్షన్ తట్టుకోలేక విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా లారీ ఇంజన్లు దింపుతున్న మా బాబాయికి వీడియో కాల్ చేశాను. డబ్బాలన్నీ వరసగా చూపించాను. ఆయన బీడీ పక్కన పెట్టి ఒకటే అడిగాడు.

"ఒరేయ్, క్రాంకు కొలిచావా?"

"లేదు బాబాయ్, ముందు ఏ బేరింగ్ వెయ్యాలో..."

"కింద నూనె చాంబరు విప్పి జర్నల్ మీద గోరు గీసి చూడు. గీత తగిలితే క్రాంకుని గ్రైండింగుతో సన్నం చెయ్యాలి, దానికి తగ్గ అండర్‌సైజు షెల్లులు వెయ్యాలి. అప్పుడు నీ డబ్బాలు ఆవకాయ జాడీ మీద మూతలకి కూడా పనికిరావు."

మీ పేరులో బేరం ఉందే గానీ, మీరు బేరానికి లొంగే రకం కాదని అప్పుడర్థమైంది.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: డబ్బాలు ఇప్పుడు మూడయ్యాయి. క్రాంకు కొలిచే మైక్రోమీటరు మాత్రం ఇంకా కొనలేదు. చూస్తున్నాను, వాటిలో కూడా చాలా రకాలున్నాయి.