సున్నా కేసుల సరస్వతీ నిలయాలు

ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా ఏ కాలేజీ గడప తొక్కి "మీ దగ్గర నేరాలేమైనా జరిగాయా?" అని అడిగినా ఒకటే జవాబు: "మా దగ్గర అలాంటివేం లేవండీ." నమ్మాలి. ఇక్కడ సైకిళ్లను ఎవరూ ఎత్తుకుపోరు, అవే వెళ్లిపోతాయి. హాస్టల్లో ఛార్జింగ్ పెట్టిన ఫోన్లకు వైరాగ్యం పుడుతుంది. అర్ధరాత్రి జూనియర్ల చేత గుంజీలు తీయిస్తే దాన్ని పరిచయ కార్యక్రమం అంటారు. ఆడపిల్ల వెంటపడడం కుర్రతనం. ఇక నేరం ఎక్కడ మిగిలిందండీ, రాసుకోవడానికి?

అమెరికా వాళ్లకు ఈ విద్య అబ్బలేదు పాపం. 1986లో అక్కడ ఒక విద్యార్థిని తన హాస్టల్ గదిలోనే హత్యకు గురైంది. ఆ అమ్మాయి తల్లిదండ్రులు పట్టుబట్టి పోరాడితే 1990లో క్లెరీ చట్టం వచ్చింది. ప్రభుత్వ సాయం తీసుకునే ప్రతి కాలేజీ ఏటా అక్టోబరు 1 నాటికి గత మూడేళ్ల నేరాల లెక్క బయటపెట్టి తీరాలి. ఈ చట్టాన్ని సరిగా పాటించలేదని 2024లో లిబర్టీ యూనివర్సిటీకి 1.4 కోట్ల డాలర్ల జరిమానా వేశారు. ఆ డబ్బు మనకిస్తే ఎన్ని ముఖద్వారాలు కట్టుకుందుము!

అలాగని మనకు నిబంధనలు లేవని కాదు. ర్యాగింగ్‌పై యూజీసీ 2009లోనే రాసిపెట్టింది: నేరమని తేలితే 24 గంటల్లోగా ఎఫ్ఐఆర్ పెట్టించాల్సింది కాలేజీ పెద్దే. ఆ 24 గంటలూ మనవాళ్లు ఒక్క నిమిషం వృథా చేయరు. ముందు వార్డెనమ్మ గదిలోకి పిలిచి టీ ఇస్తుంది. "చూడమ్మా, రేపు పెళ్లి కావలసినదానివి. పేరు బయటికొస్తే ఎవరికి నష్టం?" అంటుంది. ఆపైన సోంపేటలో ఉన్న నాన్నకు ఫోన్ వెళుతుంది. ఆయన మొదటి బస్సుకే దిగుతాడు, కూతురి తరఫున కాదు, క్షమాపణ చెప్పడానికి. అమ్మాయి తెలుగులో రాసుకున్న కాగితాన్ని ఆఫీసులో ఒడియాలో తిరగరాస్తారు. నిబంధనల పుస్తకమేమో ఇంగ్లిషులో ఉంటుంది. ఈ త్రివేణీ సంగమంలో మునిగిన ఫిర్యాదు రాజీపత్రమై తేలుతుంది.

ఫిర్యాదుల పెట్టె లేదా అంటే, ఉంది. ప్రిన్సిపాల్ గది ఎదుటే, సరిగ్గా సీసీ కెమెరా కింద. పారదర్శకత అంటే మరి అదే కదా.

ఒడిశా-ఆంధ్ర సరిహద్దు వల్ల మనకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. పర్లాకిమిడిలో చదువు, పాతపట్నంలో అద్దె గది, మధ్య దారిలో వేధింపు. ఇక్కడి స్టేషన్ అక్కడికి పొమ్మంటుంది, అక్కడి స్టేషన్ ఇక్కడికి. పరిధి ఏదైనా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం, 173వ సెక్షన్‌లో చెబుతోంది. చెప్పనివ్వండి. రెండు రాష్ట్రాల మధ్య ఆటో చార్జీలకే విసిగి ఇంటికెళ్లిపోయే పిల్లకు సెక్షన్ల గోల ఎందుకు?

2025లో ఒడిశాలోని బాలేశ్వర్ కాలేజీ విద్యార్థిని ఒకరు అధ్యాపకుడి మీద వేధింపుల ఫిర్యాదు ఇచ్చారు. దాన్ని విచారించడానికి కమిటీ ఉంది, ప్రిన్సిపాల్ ఉన్నారు. న్యాయం జరగడం లేదని ఆమె కాలేజీ ఆవరణలోనే ప్రాణం మీదికి తెచ్చుకుని, రెండు రోజుల తర్వాత చనిపోయారు. ఆమె ప్రాణం మీదికి తెచ్చుకున్నాకే అరెస్టులు మొదలయ్యాయి. దీన్ని వెటకారంగా రాయడం నాకు చేతకాదు.

కాలేజీలనే అని ఏం లాభం, బేరం మనది. మన దగ్గర కాలేజీలు ఏటా నేరాల లెక్క అచ్చేసి చేతిలో పెట్టాలనే చట్టం లేదు. ఒకవేళ వచ్చిందే అనుకుందాం. ఇచ్ఛాపురం నుంచి ఒక తండ్రి అడ్మిషన్‌కు వస్తాడు. మొదటి కాలేజీ వాళ్లు రిజిస్టరు తెరిచి, "పోయినేడు పదకొండు ఫిర్యాదులొచ్చాయి సార్, ఏడు పోలీసులకు పంపాం, ఇద్దరిని తీసేశాం" అంటారు. "బాబోయ్, రౌడీల కాలేజీ" అని ఆయన లేచిపోతాడు. పక్క కాలేజీలో తెల్ల కాగితం చూపిస్తారు. అక్కడే ఫీజు కట్టి, ర్యాగింగ్ అఫిడవిట్ మీద చదవకుండా సంతకం గీకి, రసీదు జేబులో పెట్టుకుని సాయంత్రం బస్సుకి అందుకుంటాడు.