తిరగని కారుకు తిరుగులేదు

కారు అన్నది తిరగడానికే అని ఎవరో పనిలేనివాడు పుకారు పుట్టించాడు. ఇన్నాళ్లయినా దాన్ని ఎవరూ ఖండించకపోవడం విచారకరం. విజయనగరం పౌరుడిగా ఆ బాధ్యత నేను నెత్తికెత్తుకుంటున్నాను.

కంటోన్మెంటులోనో తోటపాలెంలోనో ఏ వీధిలోకైనా వెళ్లండి. ఏదో ఒక పోర్టికోలో బూడిదరంగు ముసుగు కప్పుకుని ఒక జర్మనీ కారు ఉంటుంది. పక్కన స్కూటీ ఉంటుంది. ఓనరుగారు బజారుకీ, బ్యాంకుకీ, బంధువుల పెళ్లికీ స్కూటీ మీదే వెళ్తారు. ముసుగు కాస్త పైకెత్తి చూపించమంటే మాత్రం మురిసిపోతారు. "2010 మోడలండీ, పాతిక వేలు కూడా తిరగలేదు" అంటారు. కొడుకు ర్యాంకు చెప్పేటప్పుడు కూడా ఆ గొంతులో అంత గర్వం పలకదు.

అసలు తప్పు మొదట్లోనే జరిగింది. కార్ల్ బెంజ్ 1886లో మోటారు బండికి పేటెంటు పుచ్చుకుని, ఊరు దాటించకుండా జాగ్రత్తగా చూసుకుంటున్నాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, మాన్‌హైం నుంచి ఫోర్జ్‌హైంలోని పుట్టింటికి ఆ బండి తోలుకుపోయింది. వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో మందుల షాపులో ఇంధనం కొంది. పైపు పూడుకుపోతే టోపీకి పెట్టుకున్న పిన్ను తీసి పొడిచింది. ఆవిడ ఆ ఒక్కరోజు తిరిగినంత దూరం మా వీధి కార్లు మూడు వారాలకి కూడా తిరగవు. రేపు అమ్మబోతే ఆ బండికి ఏం ధర పలుకుతుందో ఇల్లాలు కాస్తయినా ఆలోచించిందా?

మనవాళ్లు అలా తొందరపడరు. ఆయుధపూజనాడు కారు కడిగి, బంతిపూల దండ వేసి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. కారు రెండడుగులు ముందుకి వెళ్లి, రెండడుగులు వెనక్కి వస్తుంది. ఆ ఏటి ప్రయాణాల్లో సగం అక్కడితో పూర్తి. మా పైడితల్లి అమ్మవారి జాతరలో ఊరేగే పొడవాటి మాను, సిరిమాను మాత్రం ఏడాదికి ఒక్కసారే కదా తిరిగేది అని ఒక పెద్దాయన నాతో వాదించారు. ఒప్పుకున్నాను. అయితే సిరిమాను ఆ ఒక్కరోజే కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. పైగా దానికి ఏటేటా కొత్త చింతమాను తెస్తారు. కారుకి ఏటేటా కొత్త ఆయిలైనా పోయించండి అన్నందుకు ఆ పెద్దాయన నాతో మాటలు మానేశారు.

ఆయిలు సంగతి కొంచెం లోతుగా చూడాలి. కంపెనీవాడు పుస్తకంలో ఇన్ని వేల కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, "ఏది ముందైతే అది" అని రాస్తాడు. మన ఓనరుగారు దాన్ని "ఏది వెనకైతే అది" అని చదువుకుంటారు. పదివేల కిలోమీటర్లు పడడానికి ఏడేళ్లు పడితే ఆయిలుకీ ఏడేళ్లే. మధ్యలో ఇంజను బిగుసుకుపోకుండా ప్రతి ఆదివారం పోర్టికోలోనే స్టార్టు చేసి, పది నిమిషాలు గుర్రుమనిపించి ఆపేస్తారు. ఈ కైంకర్యం మీద మెకానిక్ మేస్త్రీకి వేరే అభిప్రాయం ఉంది.

"తిరగలేదు కదయ్యా, ఆయిలెందుకు పాడవుతుంది?"

"తిరగకే పాడైపోనాది బాబూ. ఇంజను సరిగ్గా ఏడెక్కకుండానే ఆపీస్తన్నారు. లోపల పట్టిన సెమ్మ ఎటు పోతాది? పెట్రోలు కూడా ఆయిల్లోకి దిగిపోతాది. ఇదిగో, మూత తీసి సూడండి, తెల్లగా తెట్టు కట్టీసింది. సైలెన్సరు లోపల నీరుండిపోయి తుప్పు. బేటరీకి మీరు ఎక్కించిందానికన్నా ఆ స్టార్టుకి లాగిందే ఎక్కువ. ఓపాలి హైవే మీదున్న నాతవలస దాకా గట్టిగా తోలీసి రండి బాబూ."

"అమ్మో, నాతవలస దాకానా? మీటరు పెరిగిపోదూ?"

తర్కం తిరుగులేనిది. మేస్త్రీ నోరు మూసుకుని చుట్ట వెలిగించాడు.

చుట్ట అంటే గుర్తొచ్చింది. నిలబడ్డ కారు ఇంజను పైనున్న మెత్తటి పరుపు ఎలుకలకు ప్రసూతి గది. వైర్లు వాటికి పథ్యం. ఇంజను దగ్గర పొగాకు కాడలు పెడితే ఎలుకలు రావని అందరూ చెబుతారు. ఈ చిట్కా మరెక్కడైనా పనిచేస్తుందేమోగాని, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మల చూరులో పుట్టి పెరిగిన మన ఎలుకలకు అది సత్కారం.

టైర్లు చూడండి, బొడిపెలు అరగలేదు అంటారు. నిజంగానే అరగలేదు. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 0910 అంటే 2010లో తొమ్మిదో వారం అని. ఆ వారం పుట్టిన పిల్లలు పదో తరగతి పరీక్షలు రాసేశారు. రబ్బరుకి పగుళ్లొచ్చాయి, ఒకేచోట నిలబడి అడుగు చదునైంది. బ్రేకు ఆయిలు గాలిలో తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చమంటారు. బ్రేకు తొక్కే అవసరమే రాని కారుకి ఆ దుబారా దేనికి? పెట్రోలు కథా అంతే. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఆ కాలపు కార్లు చాలావాటికి హద్దు 10 శాతం. ఇథనాల్‌కీ నీటికీ మహా స్నేహం. రోజూ తిరిగే బండిలో ఆ స్నేహం ముదిరేలోపే పెట్రోలు కాలిపోతుంది. మన కారులో వినాయకచవితికి కొట్టించిన పెట్రోలు సంక్రాంతికి కూడా అలాగే ఉండి, ముగ్గు చూస్తుంది.

సాలూరు లారీలను చూసి మాత్రం చెడిపోకండి. అవి లక్షల కిలోమీటర్లు తిరిగి, ఘాటీ ఎక్కి దిగి, ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని కూడా సిగ్గులేకుండా మొదటి తాళానికే స్టార్టవుతాయి. పరువున్న బండి లక్షణం కాదది.

ఇక ఇలాంటి కారు చవగ్గా దొరుకుతోందని ఎగబడేవాళ్లకు ఒక మాట. ఢిల్లీలో డీజిలు బండికి పదేళ్లు, పెట్రోలు బండికి పదిహేనేళ్లు దాటితే రోడ్డెక్కనివ్వమన్నారు. దాంతో అక్కడి పెద్దింటి కార్లు అభ్యంతరం లేదనే కాగితం, అదే ఎన్‌ఓసీ, చేతపట్టుకుని దక్షిణాదికి బయల్దేరాయి. ప్రకటనల్లో అన్నీ డాక్టరుగారివే, అన్నీ సింగిల్ ఓనరువే. ఇన్ని కార్లు అమ్ముకుంటున్న డాక్టర్లు రోగులను ఎప్పుడు చూస్తున్నారో! అరవై లక్షల కారు ఆరు లక్షలకు వస్తుంది, నిజమే. అయితే ధర పడింది కారుకి, సామానుకి కాదు. కారుని మోసే గాలి తిత్తుల సస్పెన్షను చిరిగి కారు రాత్రికి రాత్రి నేలకి చతికిలబడిందనుకోండి, ఆ పార్టు ఇంకా అరవై లక్షల కారు తాలూకు ధరే చెబుతుంది. జమీ పోయినా జోరు పోని ఇళ్లు మన జిల్లాకి కొత్తేమీ కాదు.

పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ రెన్యూవలుకి 5,000, ఇరవై దాటితే 10,000 ఫీజు కట్టమంటోంది కేంద్రం. బండి వయసు ఏళ్లలో కాక కిలోమీటర్లలో లెక్కకట్టాలని మా ఓనర్లు అర్జీ పెట్టబోతున్నారు. ఆ లెక్కన వాళ్ల కార్లు ఇంకా పాలబుగ్గల పసివాళ్లే.

ఈమధ్య మా వీధి కారు రెండు నెలలు మొరాయిస్తే, లారీ మీదకెక్కించి విశాఖ పంపారు. షెడ్డులో మూడు వారాలుంచి, ఓనరుగారు బావమరిది దగ్గర చేబదులు తీసుకునేంత బిల్లు వేసి, మళ్లీ లారీ మీదే తెచ్చి దించారు. పుట్టాక అది చేసిన అతి పెద్ద ప్రయాణం అదే. ఓనరుగారు బిల్లు చూడలేదు. ముందు మీటరు చూసి, ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదని ఊపిరి పీల్చుకున్నారు.

పోయిన వారం దాన్ని అమ్మేశారు. శ్రీకాకుళం నుంచి వచ్చినాయన ఆయిలు ఎప్పుడు మార్చారని అడగలేదు, టైరు మీద అంకెలు చూడలేదు. ఎంత తిరిగిందని మాత్రం అడిగి, విని, చేతులెత్తి దండం పెట్టి అడ్వాన్సు ఇచ్చేశారు. తోలుకెళ్తారా అంటే నాలుక కరుచుకుని, లారీ మాట్లాడుకొచ్చానన్నారు.