తల్లి అర్హతను కరెంటు మీటరు తేలుస్తుందా?

మూడు పోర్షన్ల ఇల్లు, ఒకటే మీటరు. ఆధార్ నంబరు రాసుకోవడానికి మనిషి వచ్చిన రోజు ఇంటి ఓనరు ఊళ్లో లేడు. తలుపు తీసింది కింద పోర్షన్లో అద్దెకుండే ఆమె. మీటరుకు ఆమె నంబరే ఎక్కింది. మూడు కుటుంబాల ఫ్యాన్లూ ఫ్రిజ్‌లూ, పైన నీళ్ల మోటారూ కలిస్తే నెలకు 300 యూనిట్లు దాటడం ఎంతసేపు? దాటితే పిల్లల చదువుకని ఆంధ్ర సర్కారు తల్లికిచ్చే 'తల్లికి వందనం' డబ్బు రాదు. ఇద్దరు పిల్లల తల్లి, టైలరింగ్ చేసుకుని బతికే మనిషి, కంప్యూటరులో కలిగినింటి ఇల్లాలు అయిపోయింది. 2025 జూన్‌లో ఒక సచివాలయం వరండాలో ఆమె నాకు చెప్పిన మాట ఇది: "బిల్లు మూడు వంతులేసుకుని కడతాం సార్, పేరు మాత్రం నాదొక్కదానిదే."

పథకం పూర్వాపరాలు అందరికీ తెలిసినవే. 2020 జనవరిలో జగన్ ప్రభుత్వం 'అమ్మఒడి' తెచ్చింది, తల్లికి ఒక్క బిడ్డ లెక్కన. 2025 జూన్ 12న కూటమి ప్రభుత్వం దాన్ని 'తల్లికి వందనం' చేసి, ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ అంది. ఏడాదికి బిడ్డకు 15,000లో 2,000 బడుల నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాకు. 67 లక్షల పైచిలుకు విద్యార్థులు, 8,745 కోట్లు అని ప్రకటించింది. ఒక్క బిడ్డ షరతు ఎత్తేయడం నిస్సందేహంగా మంచి పని. ఎవరి ఫొటో వేసుకున్నారన్నది నాకు అనవసరం. నా పేచీ అంతా ఆ డబ్బుకు అడ్డం పెట్టిన జల్లెడతోనే.

దాన్ని సచివాలయాల్లో 'సిక్స్ స్టెప్' అంటారు, పేరుకు ఆరే గానీ లెక్కపెడితే ఏడు. పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 మించి ఆదాయం ఉండకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. కారు ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు ఫర్వాలేదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ పింఛనుదారు గానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు. ఆదాయపు పన్ను కట్టకూడదు. పట్నంలో వెయ్యి చదరపు అడుగుల ఆస్తి దాటకూడదు. వీటికి తోడు ఆ 300 యూనిట్లు. విడివిడిగా చూస్తే అన్నీ సబబుగానే కనిపిస్తాయి. అన్నీ కలిసి ఒక తల్లి మీద పడ్డప్పుడు, తాను బీదదాన్నేనని నిరూపించుకునే పని ఆమె నెత్తిన పడుతుంది.

ఇప్పుడు ఇదే దేశంలో పిల్లల చదువుకు సర్కారు ఇచ్చే ఇంకో డబ్బు సంగతి చూడండి. దాని గురించి టీవీ చర్చల్లో ఎవరూ గొంతు చించుకోరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి పిల్లల విద్యా భత్యం ఉంది. 2024 జనవరి నుంచి నెలకు ఒక్కో బిడ్డకు 2,812 రూపాయల 50 పైసలు, ఇద్దరు పిల్లల దాకా. ఏడాదికి బిడ్డకు 33,750. అంటే తల్లికి వందనం కింద చేతికొచ్చే దానికి రెండున్నర రెట్లు. హాస్టల్లో ఉంచి చదివిస్తే దానికి వేరే సబ్సిడీ. రుజువేమిటయ్యా అంటే, పిల్లాడు ఫలానా ఏడాది మా బడిలో చదివాడని హెడ్మాస్టరు ఇచ్చే ఒక్క కాగితం. అసలు ఫీజు ఎంత కట్టారన్నదీ అడగరు, నిర్ణయించిన మొత్తం ఇచ్చేస్తారు. ఆ ఇంటి మీటరు ఎన్ని యూనిట్లు తిరిగిందో ఎవరికీ పట్టదు. గుమ్మం ముందు కారుందా, రెండు కార్లున్నాయా, అదీ పట్టదు. కరువు భత్యం 50 శాతానికి చేరగానే ఈ భత్యం దానంతటదే 25 శాతం పెరిగింది. తల్లికి 2020లో 15,000 అన్నారు, 2025లోనూ 15,000 అనే అన్నారు. బడి పుస్తకాల ధరలు మాత్రం ఈ ఐదేళ్లు ఆగి కూర్చోలేదు.

ఉద్యోగులకిచ్చేది తీసెయ్యమని నేననడం లేదు. అది వాళ్ల హక్కు, ఉండాల్సిందే. పద్ధతి గురించే అంటున్నాను. ఒకరి సంతకాన్ని నమ్ముతాం, ఇంకొకరి బతుకంతా తవ్వి చూస్తాం. ఒకదానికి 'అలవెన్స్' అని గౌరవమైన పేరు, రెండోదానికి 'ఉచితం' అని ఎకసెక్కం.

ఈ ఎకసెక్కం సముద్రం దాటి కూడా వినిపిస్తుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, ఊళ్లో పథకాల వల్ల జనం సోమరులైపోతున్నారని వాట్సాప్‌లో బాధపడే మనవాళ్లు ఏటా రిటర్న్ వేసేటప్పుడు పిల్లలున్నందుకు పన్ను తగ్గించే 'చైల్డ్ టాక్స్ క్రెడిట్' గడి మాత్రం మరిచిపోరు. 2025కి అది అర్హుడైన ఒక్కో బిడ్డకు 2,200 డాలర్ల దాకా. భార్యాభర్తల ఆదాయం కలిపి 4 లక్షల డాలర్లు దాటితే గానీ అందులో కోత మొదలవదు. అక్కడ దాన్ని పిల్లల పెంపకానికి సమాజం ఇచ్చే ఆసరా అంటారు. మన పల్లెలో అదే ఆసరా తాయిలమైపోతుంది!

ఖజానా ఖాళీ, జల్లెడ లేకపోతే బంగళాల్లో ఉన్నవాళ్లూ మెక్కేస్తారని వాదించేవాళ్లున్నారు. 8,745 కోట్లు చిన్న మొత్తమేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ బంగళావాడిని పట్టుకోవడానికి ఆదాయపు పన్ను లెక్క ఒక్కటి చాలు. మీటరు రీడింగుకు దొరికేది ఎక్కువగా అద్దె ఇంటివాళ్లు, ఉమ్మడి కుటుంబాలే.

జల్లెడ దాటినా డబ్బు చేతికొచ్చిందని కాదు. సచివాలయంలో ఇచ్చిన పాసుపుస్తకంలోనే పడుతుందని చాలామంది తల్లులు అనుకుంటారు. కాదు. ఆధార్‌కు చివరిగా ఏ బ్యాంకు లింకయితే ఆ ఖాతాకే వెళ్తుంది. ఎప్పుడో డ్వాక్రా కోసం తెరిచి వదిలేసిన ఖాతా కావచ్చు, సిమ్ము కొన్న చోట ఎవరో తెరిపించిందీ కావచ్చు. కాబట్టి ఊళ్లో "ఎన్‌పీసీఐ అయిందా?" అని, అంటే ఆధార్‌కు బ్యాంకు ఖాతా లింకయిందా అని, అడిగే ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంకు సీడింగ్ స్టేటస్ చూసుకోవచ్చు. ఏ బ్యాంకూ లింకు కాకపోతే పోస్టాఫీసులో తపాలా పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్ లింకు చేయించుకోవచ్చు. ఎవరు ఏ ఇంటివాళ్లో సర్కారు రాసుకున్న 'హౌస్‌హోల్డ్ మ్యాపింగు' జాబితాలో, వేరుపడిన మరిది ఇంకా మీ ఇంట్లోనే ఉన్నాడేమో చూసుకోండి. అతనికి ప్రభుత్వోద్యోగం ఉంటే మీ పిల్లల డబ్బు ఆగుతుంది. అర్జీ పెడితే రసీదు అడిగి తీసుకోండి.

ఇంత రాశాక నాకే విసుగొచ్చింది. ఈ తిరుగుడంతా ఎవరు తిరగాలి? ఆ రోజు వరండాలో ఉన్నవాళ్లంతా ఆడవాళ్లే. రోజు కూలి పోగొట్టుకుని, చంకన బిడ్డనేసుకుని వచ్చినవాళ్లు. మన విధానాల లెక్కల్లో ఆడవాళ్ల సమయానికి ఖరీదు లేదు. ఎక్కువమంది పిల్లల్ని కనండని ముఖ్యమంత్రి సభల్లో చెబుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024లో అసెంబ్లీ తీసేసింది. కనమనడం సులువే. కేంద్రం ఇచ్చే మాతృ వందన సాయం మొదటి కాన్పుకు 5,000, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే 6,000. మగపిల్లాడు పుడితే సున్నా. ఒకటో తరగతికి వచ్చేదాకా ఆ బిడ్డ పాలూ మందులూ ఎవరి లెక్కలో ఉన్నట్టు?

పుట్టుక సర్టిఫికెట్టు సర్కారు దగ్గరే ఉంది. బడి హాజరు సర్కారు దగ్గరే ఉంది. రేషన్ కార్డు, భూమి, బండి, పన్ను వివరాలన్నీ దాని దగ్గరే ఉన్నాయి. అన్నీ ఉన్నవాడు తల్లి ఇంటికి కబురు పంపాలి గానీ, ఆమెను పిలిపించి అడగడమేమిటి? కాదన్నప్పుడైనా ఏ కారణంతో కాదన్నారో, ఏ మీటరు నంబరో, ఎవరి పేరో, ఎక్కడ సరిచేయించుకోవాలో తెలుగులో ఒక మెసేజీ పంపడం ఈ కంప్యూటర్లకు చేతకాని పనా?

టైలరింగ్ ఆమెకు సచివాలయంలో చెప్పిన ఉపాయం మీటరుకు ఓనరు ఆధార్ ఎక్కించమని. ఓనరు ఒప్పుకోలేదట. ఎక్కిస్తే ఆయన కోడలికి పడే 13,000 ఆగుతుంది మరి.