ఎడమ గాడిద

మా కాలేజీ పత్రిక నెలకోసారి వచ్చేది. నాలుగు పేజీలు, రెండు కార్టూన్లు, ఇద్దరు కార్టూనిస్టులు: నేనూ, వాడూ. మొదటి పేజీ ఎవరిది, చివరి పేజీ ఎవరిది అన్నదే గొడవ.

వాడిది చిక్కడపల్లి. నేను హాస్టలు, అంటే సాంబారు మీద సర్వహక్కులూ నావే. వాడు ఇండియన్ ఇంకులో నిబ్బు ముంచి గీసేవాడు. నాది స్కెచ్ పెన్ను. "గీ పెన్నుతోని గీస్తే కార్టూన్ గాదుర భై, రేషన్ షాపు బోర్డు" అనేవాడు. ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత వారపత్రికలు ఏరుకోవడానికి మాత్రం ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. బాపు కార్టూన్ ముందు ఎవరికి దొరికితే వాళ్లకి రెండోవాడు ఇరానీ చాయ్ తాగించాలి. ఎప్పుడూ వాడికే దొరికేది. నా డబ్బుతో చాయ్ తాగుతూ, "ఈయన నాలుగు గీతలల్ల చెప్పింది నువ్వు నలభై గీతలల్ల చెప్పలేవు" అనేవాడు. నేను ఇంకో కార్టూనిస్టు జయదేవ్‌ను అడ్డం పెట్టుకుని బయటపడేవాణ్ణి.

అసలు యుద్ధం బొమ్మల మూలల్లో జరిగేది. వాడి కార్టూన్లో వెనకెక్కడో కళ్లద్దాలు పెట్టుకున్న మేక ఉండేది. ఆ కళ్లద్దాలు నావి. నా కార్టూన్లో గోడ మీద బల్లి, దాని భుజానికో గుడ్డ సంచి. సంచి వాడిది. చదివేవాళ్లు జోకు వదిలేసి మేక కోసం, బల్లి కోసం వెతికేవాళ్లు. ఆ బాధ ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఆగస్టు సంచికకి నేను సాంబారు బకెట్టు గీశాను. హాస్టలు కుర్రాడు అందులోకి సగం దాకా వంగి అంటున్నాడు: "అడుగుదాకా గరిటె పెట్టి చూశానండీ, లోపల ఏమీ లేదు!" వాడు మైకు ముందు ప్రిన్సిపాల్ గారిని, ఆయన జెండా పండుగ ప్రసంగాన్ని గీశాడు. ముందు వరసలో ఒకడు ఆవులిస్తూ పక్కవాడితో అంటున్నాడు: "పోయినేడుదే. తారీఖు ఒక్కటే మార్చిండ్రు." ప్రిన్సిపాల్ గారి గుండు మీద మెరుపు కోసం కామా అంత తెలుపు వదిలాడు. ఒప్పుకోకూడదు గానీ, ఆ కామా చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

మా ఇద్దరి చేతిరాతా కోడి కెలికినట్టుంటుంది. అందుకని మాటలు చీటీల మీద రాసిస్తే నారాయణగూడలో డీటీపీ అన్న అను ఫాంట్స్‌లో కొట్టి, పేజ్‌మేకర్‌లో బొమ్మల కింద పెట్టేవాడు. అది శ్రావణమాసం. అన్న చుట్టూ పెళ్లిపత్రికలు. చీటీలు తారుమారయ్యాయి.

పత్రిక బయటికొచ్చేసరికి మైకు ముందు ప్రిన్సిపాల్ గారు, కింద "అడుగుదాకా గరిటె పెట్టి చూశానండీ, లోపల ఏమీ లేదు!" సాంబారు బకెట్టు, కింద "పోయినేడుదే. తారీఖు ఒక్కటే మార్చిండ్రు."

మేం బుర్ర పెట్టి గీసినవాటికి ఏనాడూ అంత నవ్వు రాలేదు. మధ్యాహ్నానికి క్యాంటీన్ గోడ మీద జిరాక్సు కాపీలు. ఇద్దరం గంటసేపు కొట్లాడుకున్నాం, బొమ్మ నాదని వాడు, మాట నాదని నేను. అంతలో అటెండర్ వచ్చి సార్ రమ్మంటున్నారన్నాడు. మెట్లెక్కేలోపే వాదన తిరగబడింది.

"బొమ్మ నాదే సార్, గని మాట వీనిది."

"మాట నాదే సార్, కానీ అది మీ గురించి కాదు, సాంబారు గురించి."

పక్క కుర్చీలోంచి వార్డెన్ గారు లేచారు.

నాకో ఉపాయం తట్టింది. 1948లో కార్టూనిస్టు శంకర్ పత్రిక శంకర్స్ వీక్లీ మొదలైనప్పుడు నెహ్రూ గారు "నన్నూ వదలొద్దు శంకర్" అన్నారని మా పత్రిక మొదటి సంచిక నాడు చెప్పింది ఈ ప్రిన్సిపాల్ గారే. ఆ మాటే గుర్తుచేశాను. ఆయన తల నిమురుకుని, "నెహ్రూ గారికి కనీసం టోపీ ఉందయ్యా" అన్నారు.

వచ్చే సంచికలో ఇద్దరూ కలిసి ఒకే క్షమాపణ కార్టూన్ వేయాలని శిక్ష. చెవులు పట్టుకుని గుంజీలు తీస్తున్న రెండు గాడిదలు వేద్దామనుకున్నాం. ఎడమది నేను, కుడిది వాడు. నా గాడిద నుదుటి మీద కామా అంత మెరుపు కూడా పెట్టాను. వాడు చూసి, "నా మెరుపు కొట్టేసినవ్" అని రెండు రోజులు మాట్లాడలేదు. కింద మాట: "జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాం." ఈసారి చీటీ ఇద్దరం దగ్గరుండి ఇచ్చాం. "మీరు పరేషాన్ గాకుండ్రి తమ్మీ, నేను జూస్కుంట" అన్నాడు అన్న.

అదే పేజీలో పైన సెప్టెంబర్ 5 సన్మానం ఫొటో. శాలువాలు కప్పుకున్న ప్రిన్సిపాల్ గారు, వార్డెన్ గారు. దాని కింద అచ్చయింది: "జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాం."

గాడిదల కింద: "ఉపాధ్యాయ దినోత్సవ సన్మానం అందుకుంటున్న (ఎడమ నుంచి) ప్రిన్సిపాల్ గారు, వార్డెన్ గారు."

వరండా చివర అటెండర్ కనబడ్డాడు. మావైపే వస్తున్నాడు. వాడు నా చెవి దగ్గరికి వంగాడు.

"ఎడమ గాడిద నీదే గద? ఆ మెరుపు గూడ నీదేర భై. నాకేం సంబంధం లేదు."