చిరునామా లేదని మనిషే లేడంటారా?

ఇంటి నంబరు చెప్పలేకపోతే ఆధార్ రాదు, ఆధార్ చూపకపోతే రేషన్ కార్డు రాదు, ఆ రెండూ లేకపోతే వృద్ధాప్య పింఛను దరఖాస్తు ముందుకు కదలదు. హైదరాబాద్‌లో ఉస్మానియా ఆస్పత్రి చుట్టుపక్కలా, నాంపల్లి, సికింద్రాబాద్ రైల్వేస్టేషన్ల దగ్గరా రాత్రిళ్లు తలదాచుకునేవారిని ఎవరిని కదిపినా ఇదే గోడు. 2011 జనగణన దేశంలో 17.7 లక్షల మందిని ఇల్లు లేనివారిగా నమోదు చేసింది. ఆ ఏడాది ఫిబ్రవరి 28 రాత్రి సిబ్బంది ఫుట్‌పాత్‌లూ ఫ్లైఓవర్ల కింది జాగాలూ ప్లాట్‌ఫారాలూ తిరిగి రాసుకున్న లెక్క అది. లెక్కపెట్టదలచుకున్న రాత్రి ప్రభుత్వానికి కనిపించిన ఈ మనుషులు, కార్డు ఇవ్వాల్సిన పగలు ఎందుకు కనిపించరు? మేము అడుగుతున్నది ఈ ద్వంద్వనీతి గురించే.

చట్టంలో దారి లేకపోతే అది వేరే మాట. స్థిర నివాసం లేనివారికీ, సంచార జాతులకూ ఆధార్ ఇవ్వడానికి ప్రత్యేక చర్యలు తీసుకోవాలని 2016 నాటి ఆధార్ చట్టం 5వ సెక్షన్ విస్పష్టంగా ఆదేశిస్తోంది. ఆధార్ సంఖ్య ఇంకా రానివారికి వేరే గుర్తింపుతోనైనా ప్రయోజనం అందించాలని 7వ సెక్షన్ చెబుతోంది. ఏ కాగితమూ లేనివారిని పరిచయకర్త (ఈ మనిషి ఫలానా అని పూచీపడే అధీకృత వ్యక్తి) హామీతో నమోదు చేసుకునే ఏర్పాటు ఉంది. ఎన్నికల సంఘం నిబంధన మరింత ఉదారమైనది. ఓటరుగా నమోదుకు ఇచ్చే ఆరో నంబరు ఫారంలో తాను పడుకునే చోటు రాసి ఇచ్చిన నిరాశ్రయుడి దగ్గరకు బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వెళ్లి, అతడు నిజంగా అక్కడే నిద్రిస్తున్నాడని నిర్ధారించుకుంటే చాలు, నివాస రుజువు పత్రం అక్కర్లేదు. ఇన్ని వెసులుబాట్లు పుస్తకంలో ఉండగా, ‘కరెంటు బిల్లు తెచ్చావా?’ అని అడిగి మనిషిని వెనక్కి పంపే కౌంటర్లు ఇంకా నడుస్తున్నాయంటే ఆ తప్పు నిబంధనలది కాదు, వాటిని తెరిచి చూడని యంత్రాంగానిది.

ఇల్లు లేని మనిషికి ఆధార్ ఎలా వస్తుంది, అది లేనివారు ప్రభుత్వం దృష్టిలో అసలు లేనట్టేనా అని సుప్రీంకోర్టు 2018 జనవరిలోనే, పట్టణ నిరాశ్రయుల కేసు విచారణలో నిలదీసింది. ఆ ప్రశ్న ఈనాటికీ అంతే పదునుగా ఉంది.

తలచుకుంటే చేయగలరనడానికి రుజువులు దూరాన లేవు. 2021 మేలో కొవిడ్ టీకాల కోసం కేంద్రం, గుర్తింపు కార్డు లేనివారిని ప్రత్యేకంగా నమోదు చేసే విధానం ప్రకటించింది. రోడ్డు పక్కన భిక్షాటన చేసేవారు కూడా అందులో ఉన్నారు. వారి నుంచి తమకు రోగం సోకుతుందన్న భయం ఉన్నప్పుడు కాగితం అడ్డం రాలేదు. అంతకుముందు 2017 నవంబరులో, ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు అతిథులు వస్తున్నారని హైదరాబాద్‌లో భిక్షాటనను నిషేధించి, రోడ్ల మీది మనుషులను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ఆనాడు చిరునామా లేకపోవడం ఎవరికీ అడ్డం రాలేదు. తీసుకుపోవడానికి అక్కర్లేని చిరునామా, ఇవ్వడానికి మాత్రం ఎందుకు కావాలి?

అసలు కష్టం కార్డు పొందడంతోనే తీరేది కూడా కాదు. సొంతూళ్లో ఒకప్పుడు తీసుకున్న ఆధార్ వానలో తడిసో, దొంగతనంలోనో, ఫుట్‌పాత్ ఖాళీ చేయించే సిబ్బంది లారీలోకి విసిరేసిన మూటతోపాటో పోతుంది. సంఖ్య గుర్తుండదు. ఓటీపీ రావాల్సిన ఫోనూ పోయి ఉంటుంది. ఏళ్ల తరబడి కూలి పనితో అరిగిన వేళ్లను యంత్రం గుర్తించదు. కొత్త కార్డు పోస్టులో వస్తుంది సరే, ఏ గుమ్మానికి వస్తుంది? పిల్లల సంగతి మరీ దారుణం. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఏకైక ఆధారం. పుట్టిన ఏడాదిలోపు నమోదు కాకపోతే మేజిస్ట్రేట్ ఉత్తర్వు తెచ్చుకోవాలి. వంతెన కింద బిడ్డను కన్న తల్లి ఏ కలెక్టరేట్ మెట్లెక్కి ఆ ఉత్తర్వు తెస్తుంది?

నిబంధనలు సడలిస్తే దొంగ కార్డులు పుట్టుకొస్తాయని, దేశ భద్రతకు ముప్పని కొందరంటారు. నకిలీ కార్డులు చేయించుకునేవాడు దొంగ అద్దె ఒప్పందంతో సహా అన్నీ సిద్ధం చేసుకునే వస్తాడు. కాగితం లేక దొరికిపోయేది నిజాయతీగా ‘నాకు ఇల్లు లేదు’ అని చెప్పినవాడే.

ఇప్పుడు ఆలస్యం చేయడం మరింత ప్రమాదకరం. 2025లో బిహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ మొదలుపెట్టినప్పుడు ఎన్నికల సంఘం అడిగిన 11 పత్రాల్లో ఆధార్‌కే చోటు లేకపోయింది, సుప్రీంకోర్టు చెప్పాకే 12వదిగా చేర్చారు. ఆధార్ ఉన్నవారి పరిస్థితే అదైతే, అదీ లేనివారు ఏమవుతారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల పురపాలక శాఖలు చేయాల్సింది కొత్త పథకం ప్రకటించడం కాదు. ప్రతి నైట్ షెల్టర్ చిరునామాను అక్కడ ఉండేవారి చిరునామాగా, ఉత్తరాలు అందే చోటుగా అంగీకరించాలి. షెల్టర్ నిర్వాహకులను పరిచయకర్తలుగా నియమించాలి. నమోదు యంత్రాలను రాత్రి 9 తర్వాత ఫుట్‌పాత్‌ల దగ్గరకు పంపాలి. దరఖాస్తును తిరస్కరించే ఉద్యోగి కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇందులో ఒక్కదానికీ చట్టసభ అనుమతి అక్కర్లేదు, అధికారుల సంతకం చాలు. ఆ సంతకం పెట్టని అధికారులు, నిరాశ్రయులు తమ దగ్గరకు రావడం లేదన్న మాట ఇకనైనా మానుకోవాలి. వాళ్లు వచ్చారు, మీరే పంపేశారు.