తయారీ ఆగిన కంట్రోలర్లు: కొనుగోలు శాఖకు వదిలేసే సమస్య కాదు

జైలాగ్ సంస్థ 2024 ఏప్రిల్‌లో ఒక నోటీసు ఇచ్చింది. విడి చిప్‌గా దొరికే జడ్80 ప్రాసెసర్‌కు జూన్ 14 దాటితే ఆర్డర్లు తీసుకోబోమని దాని సారాంశం. 1976లో మార్కెట్లోకి వచ్చిన చిప్ అది. తొలితరం ఇంటి కంప్యూటర్ల అభిమానులకు అదొక వీడ్కోలు వార్త. పాత కంట్రోల్ ప్యానెళ్లను కాపాడుకుంటూ వస్తున్నవాళ్లకు మాత్రం స్టోర్స్ జాబితా తెరిచి, ఏ కార్డు మీద ఏ చిప్ ఉందో చూసుకోవాల్సిన పని పడింది.

ఫ్యాక్టరీ యంత్రాలను నడిపించే కంట్రోలర్ల రంగంలో ఆయుర్దాయాల లెక్క ఎప్పుడూ కుదరదు. బాయిలర్, రోలింగ్ మిల్లు, టర్బైన్ లాంటివి దశాబ్దాల పాటు నడవాలని కడతారు. వాటిని నడిపే కంట్రోలర్ (పీఎల్‌సీ అనే పారిశ్రామిక కంప్యూటర్) లోపలి చిప్‌లేమో సెల్‌ఫోన్లు, కంప్యూటర్ల మార్కెట్ వేగంతో వచ్చి పోతుంటాయి. కంట్రోలర్ కంపెనీలు చిప్‌లను ముందే కొని దాచుకొని, బోర్డులను మళ్లీ డిజైన్ చేసుకొని ఈ తేడాను కొంతకాలం కప్పిపుచ్చుతాయి. ఎలెన్-బ్రాడ్లీ పీఎల్‌సీ-5 అలాగే 1986 నుంచి 2017 దాకా అమ్మకంలో నిలిచింది. సీమెన్స్ సిమాటిక్ ఎస్5 వచ్చింది 1979లో. 1990ల మధ్యలో ఎస్7 వచ్చి దాని స్థానం తీసుకున్నాక కూడా ఎస్5 ర్యాకులు (కార్డులు గుచ్చే చట్రాలు) ఏళ్ల తరబడి నడుస్తూనే ఉన్నాయి. నాసా అంతటి సంస్థే 2002లో స్పేస్ షటిల్ బూస్టర్ల పరీక్షా పరికరాల కోసం ఇంటెల్ 8086 చిప్‌లను ఇంటర్నెట్ వేలంపాటల్లో వెతుక్కుంది.

చట్టాలు కూడా ఇందులో తమ వంతు పాత్ర పోషించాయి. సీసం లాంటి హానికర పదార్థాలను ఎలక్ట్రానిక్స్‌లో వాడకూడదన్న యూరప్ నిబంధన 2006 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. పారిశ్రామిక నియంత్రణ పరికరాలకు 2017 జులై 22 దాకా వెసులుబాటు ఇచ్చారు. కాగితం మీద పదకొండేళ్ల గడువన్నమాట. ఆచరణలో దాని బలం తక్కువే. విడిభాగాలు చేసేవాళ్లు పెద్ద మార్కెట్ ఎటు పోతే అటే పోతారు కాబట్టి, సీసం ఉన్న పాత రకాలు మినహాయింపు ఉన్నవాళ్లకూ క్రమంగా కరువయ్యాయి.

ఇంతవరకూ తెలిసిన కథే. ప్రాసెసర్ కార్డు తయారీ ఆగిందన్న ఉత్తరం రాగానే యాజమాన్యాలు చేసే పనితోనే నాకు పేచీ. ఆ ఉత్తరం నేరుగా కొనుగోలు శాఖకు వెళ్తుంది. వాళ్లు రెండో మూడో కార్డులు కొని స్టోర్స్‌లో పెడతారు. ఫైలు మూసేస్తారు. నిజానికి కార్డు కరువు కావడానికి చాలా ముందే, ఆ కార్డుతో మాట్లాడగలిగిన కంప్యూటర్, కేబుల్, సాఫ్ట్‌వేర్, మనిషి కరువైపోతారు. వాటికి ఏ కంపెనీ నుంచీ నోటీసు రాదు.

ఎస్5నే చూడండి. దాని సీపీయూతో (ప్రోగ్రామ్ నడిపే ప్రధాన కార్డుతో) సంభాషణ 20 మిల్లీ ఆంపియర్ల కరెంట్ లూప్ అనే పాత పద్ధతి మీద నడుస్తుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు సంగతి అటుంచి, మామూలు సీరియల్ పోర్టే ఉండదు. పీఎల్‌సీ-5 వాళ్లు డేటా హైవే ప్లస్ అనే ఆ కంట్రోలర్ల నెట్‌వర్క్‌లోకి వెళ్లాలంటే కంప్యూటర్‌లో ఐఎస్ఏ అనే పాతకాలపు స్లాట్‌లో కూర్చునే కార్డు పెట్టుకునేవాళ్లు. ఆ స్లాట్ ఉన్న మదర్‌బోర్డు ఇప్పుడు పీఎల్‌సీ కార్డు కన్నా అరుదు. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ డాస్ మీదో విండోస్ ఎక్స్‌పీ మీదో నడిచేది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేసింది. కొన్నిటి లైసెన్సు ఫ్లాపీ డిస్కులోనే ఉండేది. ఫ్లాపీ పాడైతే, సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్నా తెరుచుకోదు. అందుకే చాలా ప్లాంట్లలో ఏదో ఒక బీరువాలో కీబోర్డు అక్షరాలు చెరిగిపోయిన పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఐటీ శాఖ కంట పడకూడదు. ఆస్తుల రిజిస్టర్‌లో దాని విలువ సున్నా అయి ఎన్నేళ్లయిందో! ఆ ప్లాంటులో ఖరీదైన వస్తువు అదే కావచ్చు.

సరే, ల్యాప్‌టాప్ పనిచేసింది, కేబుల్ కుదిరింది, ప్రోగ్రామ్‌ను సీపీయూ నుంచి పైకి తీసుకున్నారు అనుకుందాం. తెర మీదికి వచ్చేది ఒట్టి ల్యాడర్ లాజిక్, అంటే నిచ్చెన మెట్ల (రంగ్‌ల) రూపంలో గీసిన ప్రోగ్రామ్. ఆ తరం కంట్రోలర్లలో ట్యాగ్ పేర్లు (ప్రతి సిగ్నల్‌కూ పెట్టుకున్న పేర్లు), కామెంట్లు సీపీయూలో ఉండవు. అవి కమిషనింగ్ (ప్లాంటును తొలిసారి నడిపించిన) రోజుల్లో ఎవరిదో కంప్యూటర్‌లో ఉన్న ప్రాజెక్ట్ ఫైల్‌లో ఉంటాయి. ఆ ఫైల్ లేకపోతే మిగిలేది వందల కొద్దీ రంగ్‌లు, అంకెల చిరునామాలు. ఒక టైమర్‌కు ఏడు సెకన్లు ఎందుకు పెట్టారో, ఒక ఇంటర్‌లాక్‌ను (ప్రమాదకర పరిస్థితిలో యంత్రం నడవకుండా ఆపే షరతును) మధ్యలో ఎవరు, ఏ రాత్రి షిఫ్టులో, ఏ ఒత్తిడిలో తప్పించారో చెప్పేవాళ్లు ఉండరు. మాడ్యూల్ మార్చడం ఒక పూట పని. ఆ ఏడు సెకన్ల కారణం వెతకడానికి వారాలు పడుతుంది.

నిర్వహణ విషయంలో అందరికీ తెలిసినా వాయిదా పడే పని బ్యాటరీ. ప్రోగ్రామ్‌ను శాశ్వత మెమరీలో కాకుండా బ్యాటరీ ఆసరాతో నిలిచే ర్యామ్‌లో పెట్టుకున్న పాత కార్డులు అనేకం. ర్యాక్‌కు కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీ చచ్చిపోయినా ఏమీ తెలియదు. వార్షిక షట్‌డౌన్‌లో మెయిన్ స్విచ్ ఆపిన రోజున ప్రోగ్రామ్ చెరిగిపోతుంది. ఇక్కడో చిక్కు కూడా ఉంది. చాలా మోడళ్లలో కరెంటు ఉండగానే బ్యాటరీ మార్చాలి. భద్రత పేరుతో ముందు పవర్ తీసేసి ఆ తర్వాత బ్యాటరీ మార్చే బుద్ధిమంతుడే ప్రోగ్రామ్‌ను పోగొడతాడు. నియమం పాటించినందుకు శిక్ష పడే పనులు ఈ రంగంలో ఇంకా ఉన్నాయి, అది వేరే సంగతి.

ఇక స్టోర్స్‌లోని స్పేర్ కార్డు. అట్టపెట్టెలో భద్రంగా ఉంది కాబట్టి కొత్తదే అనుకుంటాం. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు పనిచేసినా వయసు పెరుగుతుంది, ఊరికే ఉన్నా పెరుగుతుంది. నడిచే ప్యానెల్‌లో వేడి వాటిని తినేస్తుంది. పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఇంజినీర్లు వాడే మోటు లెక్క. షెల్ఫ్ మీద ఏళ్ల తరబడి వోల్టేజీ చూడని కెపాసిటర్‌లో లోపలి ఆక్సైడ్ పొర క్షీణిస్తుంది. కాబట్టి స్పేర్ అంటే ఏడాదికోసారి టెస్ట్ ర్యాక్‌లో పెట్టి, పవర్ ఇచ్చి, ప్రోగ్రామ్ ఎక్కించి చూసిన కార్డు. అలా చూడనిది స్టోర్స్ పుస్తకంలో ఒక అంకె మాత్రమే. ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సొంత సాఫ్ట్‌వేర్) వెర్షన్ కూడా అప్పుడే సరిచూసుకోవాలి. ఒకటి ఆగితే వెంటనే రెండోది అందుకునే హాట్ స్టాండ్‌బై జంటలో పెట్టే రెండు సీపీయూల ఫర్మ్‌వేర్ కలవకపోతే, చాలా వ్యవస్థల్లో రెండోది జంటలో చేరనే చేరదు. ఆ సంగతి ప్లాంటు ట్రిప్ అయి ఆగిపోయిన రాత్రి తెలిసేకన్నా దారుణం ఉండదు.

పాత కార్డులు అమ్మే సర్‌ప్లస్ మార్కెట్ గురించి ఒక విషయం పెద్దగా చర్చకు రాదు. తయారీ ఆగిన వెంటనే కార్డులు మాయం కావు. ఇతర ప్లాంట్లు కొత్త వ్యవస్థకు మారే కొద్దీ, వాళ్లు పీకేసిన కార్డులు మార్కెట్లోకి వస్తాయి. కొన్నేళ్లు సరఫరా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ దశలోనే ధీమా పెరుగుతుంది. అలా వచ్చిన కార్డుల వయసు మన ప్యానెల్‌లో ఉన్న కార్డు వయసేనని మరచిపోతాం. మారేవాళ్లంతా మారిపోయాక ఆ ఊట ఎండిపోతుంది. అరిగిపోయిన సరుకు, పైన అక్షరాలు గీకి మళ్లీ ముద్రించిన చిప్‌లు మిగులుతాయి. నకిలీ విడిభాగాల బెడద ఎంత ముదిరిందంటే, విమాన, రక్షణ రంగాల కోసం 2009లో ఏఎస్5553 అనే ప్రత్యేక ప్రమాణమే వచ్చింది. బ్రోకర్ దగ్గర కొనక తప్పకపోతే, సొంత టెస్ట్ ర్యాక్‌లో నడిపి చూశాకే డబ్బు చెల్లించే షరతు పెట్టుకోవాలి.

అయితే మరి మార్చేయడమే మేలా? కంట్రోలర్ కంపెనీలు అవుననే అంటాయి, వాళ్లకు కావలసిందీ అదే. మార్పిడి టూల్ పాత ప్రోగ్రామ్‌ను నిమిషాల్లో కొత్త సీపీయూకు మార్చేస్తుందని ప్రదర్శనల్లో చూపిస్తారు. మార్చే మాట నిజమే. ప్రవర్తన కూడా అలాగే ఉంటుందన్న హామీ అందులో లేదు.

పీఎల్‌సీ-5లో టైమర్ బేస్ (టైమర్ లెక్కించే కొలమానం) ఒక సెకను లేదా సెకనులో నూరో వంతు. దాని స్థానంలో వచ్చిన కొత్త లాజిక్స్ కంట్రోలర్లలో ఎప్పుడూ మిల్లీ సెకనే. ప్రోగ్రామ్ లోపలి 30ని టూల్ 30,000 చేస్తుంది. ఆపరేటర్ తెర నుంచి ఆ టైమర్‌లోకి పంపే 30ని టూల్ చూడదు. ముప్ఫై సెకన్ల ఆలస్యం ముప్ఫై మిల్లీ సెకన్లవుతుంది. పాత కంట్రోలర్ స్కాన్ (ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నడపడం) మొదలయ్యేముందు తన ర్యాక్‌లోని ఇన్‌పుట్‌లన్నీ చదివి, ఆ చిత్రం మీదే లాజిక్ మొత్తం నడిపేది. కొత్తదానిలో ఇన్‌పుట్‌లు స్కాన్ మధ్యలోనే మారిపోవచ్చు. ఒకే లిమిట్ స్విచ్‌ను మొదటి రంగ్ ఆన్‌గా, యాభయ్యో రంగ్ ఆఫ్‌గా చూస్తే సీక్వెన్స్ ఎక్కడ చిక్కుకుంటుందో ఊహించుకోండి. వేగం కూడా గుదిబండే. పాత స్కాన్ నలభై మిల్లీ సెకన్లు తీసుకున్నప్పుడు, ఒక్క స్కాన్ పాటు ఇచ్చిన పల్స్‌ను బయటి రిలే పట్టుకునేది. కొత్త సీపీయూ అదే స్కాన్‌ను రెండు మిల్లీ సెకన్లలో ముగిస్తే రిలే కదలనే కదలదు. స్కాన్ వేగం మీద ఆధారపడి రాసుకున్న పీఐడీ లూప్‌ల (ఉష్ణోగ్రత, పీడనం లాంటివి నిలకడగా ఉంచే లెక్కల) ట్యూనింగ్ మారిపోతుంది. ఎస్5 దశాంశ సంఖ్యలను దాచుకునే పద్ధతి, ఎస్7 వాడే పద్ధతి వేర్వేరు. పక్క కంప్యూటర్‌కు పచ్చి డేటా పంపే చోట ఆ తేడా అర్థంలేని అంకెలుగా బయటపడుతుంది. నలభై ఏళ్లుగా వంటగది తెలిసిన వంటమనిషి స్థానంలో కొత్తవారిని పెట్టి, రాసిన చీటీ చేతికివ్వడం లాంటిది ఈ మార్పిడి. చీటీలో లేనిదే ఎక్కువ.

ఇందుకే ఒకేసారి అంతా పీకి పారేసే పద్ధతిపై నాకు నమ్మకం లేదు, ప్లాంటు ఎలాగూ నెలల పాటు ఆగి ఉంటే తప్ప. ముందు సీపీయూ మార్చి, పాత ఐఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్) ర్యాకులను రిమోట్ ఐఓ స్కానర్ ద్వారా కొత్తదానికి కలపడం, ఆ తర్వాత షట్‌డౌన్‌కు ఒకటి రెండు చొప్పున ర్యాకులు మార్చుకుంటూ పోవడం మంచి దారి. పీఎల్‌సీ-5 వాళ్లకు ఫీల్డ్ వైర్లు బిగించి ఉండే పాత టెర్మినల్ ఆర్మ్‌ను వైర్లతో సహా విప్పి కొత్త అడాప్టర్‌లో బిగించే ఏర్పాటు ఉంది. ఫీల్డ్ వైరు ఒక్కటి కూడా కదలదు. వందల వైర్లు విప్పి బిగించేటప్పుడు జరిగే తప్పులు, ప్రోగ్రామ్ తప్పుల కన్నా తక్కువేం కాదు. ఇన్‌పుట్‌లను కొత్త సీపీయూకు కూడా చూపించి, దాని అవుట్‌పుట్‌లను ఎక్కడా కలపకుండా కొన్ని వారాల పాటు పాతదానితో పోల్చి చూసే అవకాశం ఉంటే, దాన్ని వదులుకోవడం దుబారా.

భద్రతా వ్యవస్థల సంగతి వేరు. ఐఈసీ 61508 అనే భద్రతా ప్రమాణం కింద ధ్రువీకరణ పొందిన లాజిక్ సాల్వర్‌లో (భద్రతా లాజిక్ నడిపే కంట్రోలర్‌లో) అలాంటిదే కదా అని మరో కార్డు పెట్టడానికి లేదు. మార్పు ప్రభావాన్ని మళ్లీ విశ్లేషించి, పరీక్షించి, రాతపూర్వకంగా నిలబెట్టుకోవాలి.

పాతదానికి సైబర్ భద్రత లేదు కాబట్టి వెంటనే మార్చాలన్న వాదన కూడా వినిపిస్తుంది. సగం నిజం. పాత కార్డులకు పాస్‌వర్డ్ అంటే పేరుకే. అయినా 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ గురిపెట్టింది తయారీ ఆగిన సరుకు మీద కాదు, అప్పట్లో చక్కగా అమ్ముడవుతున్న ఎస్7-300, ఎస్7-400 కుటుంబాల మీద. ఈథర్నెట్ పోర్టు లేని ర్యాక్‌ను తీసి, ఉన్న ర్యాక్ పెట్టి, దాన్ని ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపేస్తే ప్రమాదం తగ్గినట్టు కాదు.

ఎప్పుడు మార్చాలన్నది కంపెనీ ప్రకటించిన తేదీ తేల్చకూడదు. ఏబీబీ లాంటి సంస్థలు ప్రతి ఉత్పత్తినీ యాక్టివ్, క్లాసిక్, లిమిటెడ్, ఆబ్సొలీట్ అని నాలుగు దశల్లో చూపిస్తాయి. ఉపయోగకరమైన సమాచారమే, కానీ అది వాళ్ల దశ. మన దశ తెలియాలంటే మూడు ప్రశ్నలు చాలు. ఈ రాత్రి సీపీయూ పోతే, ఖాళీ కార్డులోకి ప్రోగ్రామ్ ఎక్కించగలిగినవాళ్లు ఇద్దరైనా ఉన్నారా? ఆ పని ఈ ఏడాది ఒక్కసారైనా చేసి చూశారా? ప్రోగ్రామ్ కాపీ ప్యానెల్‌లో నడుస్తున్నదానితో సరిపోలుతుందా? మూడింటికీ అవునంటే, తయారీ ఆగిన కార్డుతో మరికొన్నేళ్లు నిశ్చింతగా నడవొచ్చు. ఒక్కదానికి కాదన్నా, కార్డు నిన్న కొన్నదైనా సరే, ఆ ప్లాంటు గడువు దాటిపోయినట్టే. ఇలాంటి ప్రణాళికకు ఐఈసీ 62402 అనే అంతర్జాతీయ ప్రమాణం 2007 నుంచీ ఉంది, 2019లో సవరించారు కూడా.

తయారీదారుల బాధ్యత గురించి కూడా గట్టిగా అడగాలి. ఒక కంట్రోలర్ల కుటుంబాన్ని అమ్మకం నుంచి తీసేసిన రోజున, దాని ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌ను లైసెన్సు తాళం లేకుండా పాత కొనుగోలుదారులకు ఇచ్చేయాలి. చివరి ఫర్మ్‌వేర్ ఫైళ్లు, కమ్యూనికేషన్ ప్రోటోకాల్ వివరాలు, మాన్యువళ్లు అందరికీ అందుబాటులో పెట్టాలి. అమ్మని సరుకు రహస్యం దాచుకుంటే వాళ్లకు మిగిలే లాభం ఒక్కటే, కొనుగోలుదారుణ్ణి తొందరపెట్టి తమ కొత్త సరుకు వైపు తోయడం. కొత్త కంట్రోలర్ కొనే ఒప్పందంలోనే ఈ షరతులు రాయించుకునే బలం పెద్ద కర్మాగారాలకు ఉంది. ధర, డెలివరీ, వారంటీ గురించి నెలల తరబడి బేరమాడేవాళ్లు, ఇరవై ఏళ్ల తర్వాత ప్రోగ్రామ్ ఎలా తెరవాలన్నది ఆ కాగితాల్లో ఒక్క వాక్యంగానైనా చేర్చడం లేదు.